నీళ్లు ముట్టినట్టు మిస్డ్ కాల్

నీళ్లు గొట్టాల్లో ప్రవహించే అనాగరిక యుగం ముగిసిందనీ, ఇకపై అవి సెల్‌ఫోన్లలో ప్రవహిస్తాయనీ 2012 ఎండాకాలంలో మా పట్టణ ప్రజలకు అధికారికంగా తెలియజేశారు. మాది ఏ పట్టణమో చెప్పను. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఎవరినడిగినా ఇది పక్క ఊరి సంగతేనని ఒట్టు పెట్టి చెబుతారు. వాళ్ల మర్యాద కాపాడటం నా ధర్మం.

పథకం పేరు జలసంకేత్. వాటర్ ట్యాంకు మీద ఒక పెట్టె బిగించారు. (పెట్టె పనిచేయడానికి కరెంటు కావాలి. కరెంటు ఎప్పుడుంటుందో చెప్పే పెట్టె ఇంకా పరిశీలనలో ఉంది.) వాల్వు తెరవగానే పెట్టె కంప్యూటరుకు చెబుతుంది. కంప్యూటరు ఇంటింటికీ మెసేజి పంపుతుంది: మీకు నీళ్లు వదిలాం, ముట్టిన వెంటనే ఈ నంబరుకు మిస్డ్ కాల్ ఇవ్వండి. మెసేజి ఇంగ్లిషులో ఉండేది. ఎందుకంటే తెలుగులో పంపితే జనం ఫోన్లలో అక్షరాలకు బదులు డబ్బాలు కనిపించేవి. ఇంగ్లిషు అక్షరాలు చక్కగా కనిపించేవి. వాటిని చదవడం అనేది పథకం పరిధిలోకి రాదు.

మిస్డ్ కాల్ గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. రాజధానిలో కూర్చుని పథకం రాసిన పెద్దలకు మిస్డ్ కాల్ అంటే రసీదు. మా దగ్గర మిస్డ్ కాల్ అంటే, నాకు అవసరం పడింది, ఫోన్ నువ్వే చెయ్యి అని. గొర్ల వెంట పోయిన మొగుడికి పెళ్లాం ఇచ్చేది అదే, పెళ్లికి పోయిన పెళ్లానికి మొగుడు ఇచ్చేదీ అదే. కాబట్టి నల్లా రాని ప్రతి ఇల్లూ ఆ నంబరుకు మిస్డ్ కాల్ ఇచ్చి, సర్కారు తిరిగి చేస్తుందని కూర్చుంది. నల్లా వచ్చిన ఇళ్లు ఇవ్వలేదు. బిందెలు నిండుతుంటే ఫోన్ పట్టుకునే తీరిక ఎవరికుంటుంది?

వారం తిరిగేసరికి కంప్యూటరులో పట్టణం రంగులు తేలింది. నీళ్లు పుష్కలంగా వచ్చే కింది బజారు (నేనుండేది అక్కడే) ఎర్రగా, కరువు ప్రాంతంగా మెరిసింది. పైపులైను చిట్టచివర, ఎత్తు మీద, నల్లా నీళ్లు ఎన్నడూ ఎక్కని గుట్టబజారు పచ్చగా కళకళలాడింది. దాంతో గుట్టబజారుకు అన్నాళ్లూ నీళ్లు మోసి బతికిస్తున్న ఒకే ఒక్క ట్యాంకరునూ మా వీధికి మళ్లించారు. మేము దాంతో బండ్లు కడుక్కున్నాం.

గుట్టబజారులో నర్సమ్మ ఉంటుంది. నాట్లకు, కలుపుకు పోయే మనిషి. ఆమె బిడ్డ రాణి కాన్పుకొచ్చి ఆడపిల్లను కన్నది. బాలింత ఉన్న ఇంటికి ఎన్ని నీళ్లు కావాలో పథకం రాసినవారికి తెలియకపోవచ్చు, వాళ్లను కన్నవారికి తెలుసు.

“అమ్మా, పొత్తిగుడ్డలన్నీ మురికివే ఉన్నయి. ఇగ పిల్లకేం సుట్టాలె?” అనేది రాణి.

నర్సమ్మ రైస్‌మిల్లు బోరు దగ్గర బతిమాలి ఒక బిందె తెచ్చేది, వచ్చి మిస్డ్ కాల్ ఇచ్చేది. పిల్ల ఏడిస్తే ఇంకోటి. బాలింత కోసం పొయ్యి మీద పెట్టిన కాగు ఖాళీగా కనిపిస్తే మరోటి. ఎవరూ తిరిగి ఫోన్ చేయకపోయేసరికి తానే ఆఫీసుకు బయలుదేరింది.

అక్కడ ఉపసంచాలకులు (స్పందనల స్వీకరణ) దామోదర్ గారు ఉన్నారు. కోదాడ మనిషి, మెత్తని మాట.

“చూడండమ్మా, మీకు నీళ్లు రావట్లేదంటే నేనొప్పుకోను. ఈ జిల్లాలో మీ అంత బాగా నీళ్లందుతున్న ఇల్లే లేదు,” అని తెర తిప్పి చూపించారు.

“గా ఫోన్లు జేసింది నీళ్లు రాలేదనే గద సారూ! జర మీరొచ్చి నల్లా తిప్పి సూడుండ్రి.”

“నల్లా తిప్పి చూడటం పాత పద్ధతమ్మా. అందులో పొరపాట్లు జరుగుతాయి.”

“మరి రాలేదని ఎట్ల జెప్పాలె?”

“చెప్పకూడదు. మీరు మిస్డ్ కాల్ ఇవ్వకుండా ఉంటే, రాలేదని మాకే అర్థమవుతుంది.”

నర్సమ్మ ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. గుట్టబజారు మొత్తం ఫోన్లు పక్కన పెట్టేసింది. కంప్యూటరు ఈ మౌనాన్ని శ్రద్ధగా పరిశీలించి, సిగ్నల్ లోపంగా గుర్తించి, నిబంధన ప్రకారం పోయిన వారం సగటుతో ఖాళీలు నింపింది. గుట్టబజారు పచ్చదనం చెక్కుచెదరలేదు. అది విన్నప్పుడు మాత్రం నాకు ఒళ్లు మండింది. ఇంట్లో నీళ్లు లేవని చెప్పుకునే దారి కూడా లేకుండా చేయడానికి ఎంతమంది చదువుకున్నవాళ్లు ఎన్ని నెలలు కష్టపడ్డారో!

ఆ కష్టం ఊరికే పోలేదు. జలసంకేత్ సలహా మండలి అధ్యక్షులు స్వయంగా వచ్చి నర్సమ్మకు ‘ఉత్తమ నీటి గ్రహీత’ అవార్డు ఇస్తారని ప్రకటించారు. సభ గుట్టబజారులోనే. పొద్దున్నే ట్యాంకరు వచ్చింది. ఆడవాళ్లు బిందెలతో ఉరికారు. అతిథిగారి మీద దుమ్ము పడకుండా అది రోడ్డు తడపడానికి వచ్చిందనీ, రోడ్డు పేరున మంజూరైన నీటిని మనుషులకు ఇవ్వడం కుదరదనీ దామోదర్ గారు నచ్చజెప్పారు. రోడ్డు తృప్తిగా తాగింది.

శాలువా కప్పాక అధ్యక్షులవారు ఉదారంగా, “ఏం కావాలో అడగమ్మా,” అన్నారు.

“నాకీ శాలువ వద్దు సారూ. ఒక్క ట్యాంకర్ నీళ్లియ్యిన్రి. మనుమరాలికి సక్కగ తానం బోయక ఒళ్లంత సెమటకాయలైనయి. గా పసిగుడ్డును సూస్తే నా పానం ఆగుతలేదు,” అంది నర్సమ్మ, మైకులోనే ఏడుస్తూ.

దామోదర్ గారు ల్యాప్‌టాప్ తెచ్చి అధ్యక్షులవారి చెవిలో వివరించారు. ఆయన చలించిపోయారు. అన్నీ ఉన్నా పొరుగువారి దాహం కోసం కన్నీరు పెట్టే ఇలాంటి తల్లులు అరుదన్నారు. నర్సమ్మ కోరిన ట్యాంకరును అక్కడికక్కడే, ఆమె పేరు మీదనే మంజూరు చేశారు. నీళ్లు లేని కింది బజారుకు.

మర్నాడు అది మా గుమ్మం ముందు ఆగింది. మా వీధిలో ఖాళీ బిందె ఒక్కటీ లేదు. గుట్ట ఎక్కమని డ్రైవరును బతిమాలాను.

“గక్కడికెందుకు సార్? నీళ్లెక్కువైనయనే గద గాళ్లకు అవార్డిచ్చిన్రు,” అంటూ అతను పైపు మా వీధి మురుగు మోరీలో వదిలాడు.