ఇంట్ల దాపరికం ఎందుకు, ఫోన్ ఉండగ!

ప్రైవసీ అనేది ఒక రోగం. పనీపాటా లేనోళ్లకు వస్తది. నా ఫోన్ దయవల్ల మా ఇంట్ల ఎవ్వరికీ రాలేదు!

అఫ్జల్‌గంజ్‌ల నాది చింతపండు హోల్‌సేల్ దుకాణం, ఇల్లు గౌలిపురల. ఇంటిల్లిపాదికీ ఫోన్లు కొన్నప్పుడు తలా ఒక అకౌంట్ ఎందుకు దండుగ అని, అన్నిట్ల దుకాణం అకౌంటే వేయించిన. ఇంటికి పొయ్యి ఒకటే ఉంటది గదా, అకౌంట్ గూడ ఒకటే ఉంటె తప్పేముంది?

ఇగ యాప్‌లు. మైక్ ఇస్తవా, కెమెరా ఇస్తవా అని అడుగుతయి. గడపకొచ్చి అడిగినోళ్లకు లేదంటమా? అన్నిటికీ 'అలౌ' నొక్కిన.

దాంతోని ఎంత లాభమో చూడుండ్రి! మా ఇంటామె రుక్మాబాయి తన ఫోన్‌ల మోకాళ్ల నొప్పులని వెతికితె, నా ఫోన్‌ల నూనె సీసాలొస్తయి. అడగకముందే తెచ్చిస్త. నేను బట్టతల గురించి వెతికితె, మా కొడుకు విశాల్ దుకాణంల అందరి ముంగట చదివి వినిపించిండు. నొచ్చుకున్ననా? కొంచెం.

మా పై పోర్షన్ల భరద్వాజ్ గారు అద్దెకుంటరు. రాజమండ్రి మనిషి, సాఫ్ట్‌వేర్ ఆఫీసు. ఫోన్‌ల కంపెనీ సిస్టమ్ తీసేసి, ఓపెన్ సోర్స్‌దట, ఇంకోటి ఎక్కించుకున్నడు. "ఇది మన సంగతులు ఎవరికీ చెప్పదండీ. మీదాంట్లో కూడా వేసిపెట్టమంటారా?" అన్నడు. ఏంది భాయ్ గిది! నోరు మెదపనోళ్లను మా గల్లీల ఎవ్వరన్న నమ్ముతరా?

మొన్న ఎండకాలంల ఒకరోజు నా ఫోన్ నిండ ఊయలలు, పసిపిల్లల సబ్బులు! ఏంది లొల్లి అని రుక్మాబాయి ఫోన్ చూస్తె అండ్ల గూడ గవే. ఇద్దరం కోడలు రచన దిక్కు చూసినం. సిగ్గుతోని లోపటికి ఉరికింది. మూడో నెల పడేదాక కడుపు సంగతి బయట పెట్టొద్దని మా ఇంటి ఆచారం. ఫోన్‌కు ఆచారాలెక్కడియి? అది మాకు చెప్పింది, నేను బజారుకు చెప్పిన. ఆ దినమే దుకాణంల మిఠాయి పంచిన, మస్తు ఖుషీ!

మూడో నెల పడకముందే కడుపు పోయింది.

మిఠాయి తిన్నోళ్లందరు వచ్చి పరామర్శ చేసిండ్రు. కొన్నాళ్లకు వాళ్లు ఆ మాట ఎత్తుడు మానుకున్నరు. ఫోన్ మానలే. ఓ పొద్దున "ఈ వారం మీ పాపాయి నిమ్మకాయంత!" అంటది. ఇంకో పొద్దున "మామిడికాయంత!" అంటది. నా ఫోన్‌ల, కొడుకు ఫోన్‌ల, కోడలి ఫోన్‌ల. ఎన్నిసార్లు తీసేసినా మల్ల వస్తది. ఎక్కడ నొక్కితె ఆగుతదో మాకెవ్వరికీ తెల్వది.

నిన్న రచన నాకు అన్నం పెడుతుంటె, పక్కన నా ఫోన్ మోగింది. మల్ల ఆ పాపాయి ముచ్చటే. రచన చూసింది. గరిటె కింద పెట్టి, "అన్నీ తెల్సిన ఫోన్‌కు గిది తెల్వదా మామా?" అన్నది.

కంచం పక్కకు జరిపిన. చెయ్యి కడుక్కొని మెట్లెక్కిన.

"భరద్వాజ్ గారూ, మా ఇంటి సంగతి ఏమీ తెల్వని ఫోన్ గావాలె," అన్న. "ముందు మా కోడలికి."