ముడిచిన మూతిపై దండయాత్ర

ముందుగా మేకులకు నమస్కారం. సున్నాలు పోయి డిస్టెంపర్లు వచ్చినను, డిస్టెంపర్లు పోయి తడిగుడ్డతో తుడిస్తే మెరిసే రంగులు వచ్చినను, చలింపక, వంగక, హాలు గోడపై బారులు తీరి, తరతరాల కుటుంబచిత్రభారమును వహించుచున్న ఆ లోహకీలకములకు శతకోటి వందనములు. రసజ్ఞులారా, ఆ బారులో చిట్టచివరి మేకు ఖాళీగా ఉన్నది. ఆ మేకుకు తగిలించవలసిన పటము కోసం, ఒకానొక ఆదివారం పూట, సూర్యభగవానుడు వాటర్ ట్యాంకు మీదుగా తొంగిచూచుచుండగా, పక్కింటి మిక్సీ రణభేరివలె మ్రోగుచుండగా, ఆరంభమైన మహాసంగ్రామమును చెప్పబోతున్నాను. టీవీ శబ్దం కాస్త తగ్గించి వినండి.

ఆ ఇంటికి ఒక ధర్మమున్నది. ఇంటి మూలపురుషుడైన తాతగారు, చేతికి ఎముక ఉన్నదని లోకానికి పదేపదే చాటిన మహానుభావుడు, తొలిసారి కుటుంబసమేతంగా ఫొటో స్టూడియోలో అడుగుపెట్టి, "ఒక్క క్లిక్కు. ఎలా పడితే అలా," అని శాసించాడు. అంతటితో ఆగక, గోడెక్కిన పటము దిగరాదని కూడా అన్నాడు. తాతగారు గతించినా శాసనం గతించలేదు. కనుక మొదటి పటములో తాతగారు స్వయంగా తుమ్మబోతూ శాశ్వతంగా ఆగిపోయారు. రెండవదానిలో మేనత్త కళ్ళు మూసుకున్నది. ఆవిడ మనవలు కూడా ఆవిడను నిద్రత్త అనే పిలుస్తారు. ఇక మూడవ పటమున్నదే, అక్కడ మన కథానాయకుడు నిలబడి ఉన్నాడు.

ఏమని వర్ణింతును ఆ జుట్టును? నవయౌవనమదోద్ధతమై, కర్ణయుగళమును సమూలముగా కబళించి, కనుబొమలను ఆక్రమించి, మెడ వెనుక కాలరుపై గుడారములు పాతి విడిదిచేసిన కేశసేన అది. ఆ ఏడు లోకంలోని కుర్రవాళ్ళందరి తలలూ అలాగే ఉండేవి. అద్దం ముందు పొద్దుటినుంచీ నిలబడి, దువ్వెన పళ్ళు విరుగగొట్టుకొని, తనంతటి అందగాడు ముందు పుట్టలేదు, ఇకమీద పుట్టడని నిశ్చయించుకొని అతడు స్టూడియోకు వెళ్ళాడు. ఒక్క క్లిక్కు. అంతే. లోకం మరుసటి ఏడాదే జుట్టు కత్తిరించుకున్నది. పటము మాత్రం గోడ మీద ఉండిపోయింది.

అప్పటినుంచి మొదలైంది పాపం ఆయన కష్టం. పెళ్ళయిన కొత్తలో ఆయన ఇల్లాలు ఆ పటము చూసి, "ఈయన మీ అన్నగారా?" అని అడిగింది. తమ్ముడి పిల్లలు మాటలు నేర్చిన దగ్గరనుంచి ఆయనను హెల్మెట్ పెదనాన్న అంటారు. ఒకసారి ఆఫీసువాళ్ళు కాఫీకి వచ్చి, గోడ చూసి, మర్యాదగా దగ్గి వెళ్ళిపోయారు. సోమవారం ఆయన ఆఫీసుకు చేరేసరికి ఆ పేరు ఆయనకంటే ముందే చేరి కుర్చీలో కూర్చున్నది. బీమా సంస్థలో క్లెయిములు పరిశీలించుటలో అసహాయశూరుడు, ఏ కప్పు ఎప్పుడు కూలునో, ఏ బండి ఎక్కడ బోల్తాపడునో ముందుగా ఊహించగల దీర్ఘదర్శి, తన నెత్తిమీద ఉన్న ప్రమాదాన్ని మాత్రం ఆనాడు ఊహించలేకపోయాడు.

ఇట్లుండగా ఇంటి పెద్దావిడ, అనగా మన వీరుని కన్నతల్లి, "పిల్ల చదువు అయిపోయింది. అందరం కలిసి ఫొటో తీయించుకుందాం, మేకు ఖాళీగా ఉంది," అని ఆజ్ఞాపించింది. ఆ మాట వినగానే వీరుని దృష్టి తన ఏకైక కుమార్తె చిట్టి మీదికి మళ్ళింది. ఆ పిల్ల సోఫాలో కూర్చొని, ఫోను పైకెత్తి, బుగ్గలు లోపలికి పీల్చి, మూతిని సున్నాలాగా ముడిచి, చూపుడువేలిని బొటనవేలితో మెలిపెట్టి చిన్న గుండె ఆకారం చేసి, తనను తాను ఫొటో తీసుకొంటున్నది. మోకాళ్ళ దగ్గర ప్యాంటు రెండు నోళ్ళు తెరిచి నవ్వుచున్నది. ఆ దృశ్యమును భవిష్యత్పరిహాసభీతుడైన ఆ తండ్రి చూచెను. అతడు చేతిలోని కాఫీకప్పు కిందపెట్టి లేచి నిలబడి, సభనుద్దేశించి ఇట్లు పలికెను.

"అందరూ వినండి. ఇప్పుడు గొప్పగా ఉన్నవన్నీ ఇరవై ఏళ్ళకి ఏమవుతాయో నేను చెప్తాను. ఈ ముడిచిన మూతి ఉంది చూశారూ, ఇది మొదట పోతుంది. తర్వాత ఆ పెన్సిలుతో గీసుకున్న కనుబొమలు. తర్వాత నడుస్తూ నడుస్తూ వెనక్కి తిరిగి జుట్టు విసిరే వీడియోలు. పళ్ళెంలో తిండి చల్లారేదాకా దానికి ఫొటోలు తీయడం. లిఫ్టులో కూడా నల్లకళ్ళద్దాలు. ఒక్కటీ మిగలదు. అన్నీ ఏమవుతాయో తెలుసా?"

"ఏమవుతాయి నాన్నా?" అన్నది చిట్టి, ఫోను దించకుండానే.

"హెల్మెట్లవుతాయి."

ఇల్లాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

"అయితే అయ్యాయి. నవ్వితే నవ్వుకుంటారు. అప్పటికి నేనూ కలిసి నవ్వుతాను," అన్నది చిట్టి.

"నేనూ అలాగే అనుకున్నానమ్మా," అన్నాడు ఆయన. ఆ మాటలో గ్రాంథికం లేదు, గర్జన లేదు. మనిషి నిజంగా బాధపడ్డాడు. తన ముఖాన పడ్డ నవ్వు తన కూతురి ముఖాన పడకూడదన్నదే ఆయన పట్టిన పట్టు, అంతకు మించి ఆయనకు వేరే రాజ్యాకాంక్ష లేదు.

తెల్లవారింది. వీరుడు సాయుధుడయ్యెను. ముందురోజే క్షౌరశాలకు వెళ్ళి, చెవులు రెండూ నాలుగు దిక్కులకు స్పష్టంగా కనిపించేటట్లు జుట్టు కత్తిరించుకొని వచ్చాడు. రాతలు లేని, గీతలు లేని తెల్లచొక్కా తొడిగాడు. వెడల్పూ కాని, ఇరుకూ కాని ప్యాంటు వేశాడు. అద్దం ముందు నిలిచి, ఆపాదమస్తకము క్లెయిము పరిశీలించినట్లు పరిశీలించి, "ఈ శరీరం మీద నవ్వడానికి ఏమీ లేదు," అని ఇల్లాలితో ధ్రువీకరించుకున్నాడు. "ఏమీ లేదులెండి, పదండి," అన్నది ఆవిడ. కారెక్కగానే ఆఫీసునుంచి ఫోను. ఆదివారమైనా మేనేజరుకు ఆదివారం కాదు. పుట్టినరోజుకు కూతురు కొనిచ్చిన తెల్లటి ఇయర్‌ఫోను, ఆ తీగలేనిది, చెవిలో దోపుకొని, స్టీరింగు తిప్పుతూ, ఎవరిదో మునిగిపోయిన గోడౌను గురించి స్టూడియో గుమ్మం వరకు మాట్లాడుతూనే ఉన్నాడు.

స్టూడియో అనగా ఒక గది. గోడకు బూడిదరంగు గుడ్డ, రెండు తెల్లగొడుగుల దీపాలు, ఒక కుర్చీ. పెద్దావిడ ఆ కుర్చీలో సింహాసనాసీనురాలైంది. తమ్ముడు, మరదలు, వాళ్ళ పిల్లలు ఎడమవైపున వ్యూహం పన్నారు. ఇల్లాలు అత్తగారి పక్కన నిలిచింది. కుడివైపు చివరన మన వీరుడు, అతని పక్కనే చిట్టి.

"ఏమే, ప్యాంటు ఎక్కడ తట్టుకుంది?" అన్నది పెద్దావిడ వెనక్కి తిరిగి.

"కొన్నప్పుడే అలా ఉంది నాయనమ్మా."

"చిరిగిందే అమ్మారా? వాడి ధైర్యమే ధైర్యం. నా కుర్చీ వెనక్కి రా, కనపడకుండా."

ఈ విధంగా మోకాళ్ళ కోట బాణము వేయకుండానే పడిపోయింది. వీరుడు లోలోన పొంగిపోయాడు.

ఫొటోగ్రాఫరు ఉత్సాహవంతుడు. "ఎన్నైనా తీసుకోవచ్చండి, ఇప్పుడు రీలు గొడవ లేదుగా. అందులో మంచిది ఏరుకుందాం," అన్నాడు.

"ఒక్కటే బాబూ," అన్నది పెద్దావిడ.

"ఒక్కటా?"

"ఒక్క క్లిక్కు. ఎలా పడితే అలా."

ఆ ఫొటోగ్రాఫరు జీవితంలో ఎన్నడూ ఒక్కటే ఫొటో తీసి ఎరుగడు. ఆ వాక్యము వినగానే కెమెరాను రెండుసార్లు తుడిచి మూడోసారి కూడా తుడిచాడు. ఇంతలో చిట్టి బుగ్గలు లోపలికి పీల్చనారంభించింది. ప్రళయకాలసూచకముగా ఆ మూతి మెల్లమెల్లగా ముడుచుకొనుచుండగా, రెండు చేతులూ పైకి లేచి రెండు బుల్లి గుండెలై నిలువగా, ఆ ముడుపును కుడికంటి చివరతో కనిపెట్టిన మన చిత్రపటపరాభవదగ్ధహృదయుడు, రాజనీతిశాస్త్రమున చెప్పబడిన నాలుగు ఉపాయములను వరుసగా ప్రయోగించుటకు సంసిద్ధుడయ్యెను.

మొదట సామం. "అమ్మా చిట్టీ, మామూలుగా ఉండమ్మా. నువ్వు మామూలుగా ఎంత బాగుంటావో."

"ఇదే నా మామూలు నాన్నా."

తర్వాత దానం. "కొత్త ఫోను అడిగావుగా. చూద్దాంలే."

"చూద్దాం అంటే కొననని. నాకు తెలీదా?"

తర్వాత భేదం. వీరుడు గొంతు తగ్గించి, విషము పూసిన బాణమును సంధించాడు. "మీ పిన్నికూతురు మూతి ముడవడం మానేసిందట. పాతబడిపోయిందని చెప్పుకుంటున్నారు."

ఈ బాణము మర్మమున నాటింది. చిట్టి మూతి ఒక్క క్షణం సడలింది. సడలి, అనుమానించి, వెనక జేబులోంచి ఫోను తీసి చూసి, "పొద్దున్నే పెట్టింది, ఇదిగో. నాకన్నా ఎక్కువ ముడిచింది," అని పటాన్ని తండ్రి ముఖం ముందు ఆడించింది. బాణము తిరిగివచ్చి వేసినవాడికే తగిలింది.

ఇక మిగిలింది దండం. వీరుడు కళ్ళెర్రజేద్దామని కూతురివైపు తిరిగాడు. ఆ పిల్ల ఎంత ఆనందంగా ఉన్నదో అప్పుడు చూశాడు. తానూ ఆనాడు అద్దం ముందు అంత ఆనందంగానే ఉన్నానని గుర్తుకొచ్చింది. కోపం రాలేదు. ఎంత ప్రయత్నించినా రాలేదు.

"ఒక చెయ్యయినా దించమ్మా," అన్నాడు చివరికి, బతిమాలుతున్నట్లు.

చిట్టి ఆలోచించింది. "సరే. ఎడమచెయ్యి దించుతాను. కుడిచెయ్యీ, మూతీ నావి. ఇంక అడక్కూడదు."

సంధి కుదిరింది. సగం రాజ్యం దక్కిన రాజువలె వీరుడు దీర్ఘంగా నిశ్వసించి, ముందుకు తిరిగి, ఛాతీ విరిచి, ఏ యుగమున చూచినను నవ్వరాని ముఖమొకటి పెట్టాడు.

"సార్, మీరు కొంచెం ఇటు తిరగండి. ఇంకొంచెం. ఆఁ, అలా ఉండండి," అన్నాడు ఫొటోగ్రాఫరు. "రెడీ."

లోకము ఊపిరి బిగబట్టింది. గొడుగుల దీపాలు దేదీప్యమానమయ్యాయి. తమ్ముడి చిన్నకూతురు ముక్కులోంచి వేలు తీసింది. పెద్దావిడ పెదవులు సరిచేసుకున్నది. చిట్టి మూతి తారస్థాయికి చేరి, పరిపూర్ణమై, గుండ్రమై నిలిచింది. ఆ క్షణాన, నాన్న నొచ్చుకున్నాడేమోనన్న చిన్న దిగులు కలిగి, ఆ పిల్ల ఓరకంట తండ్రివైపు చూసింది. చూస్తే ఏముంది? ప్రపంచములోని ఫ్యాషన్లన్నిటినీ నిన్న కాఫీ బల్ల దగ్గర తుదముట్టించిన ఆ మహావీరుని చెవిలో, కొత్తగా జుట్టు తొలగించి లోకదర్శనార్థము సిద్ధపరచిన ఆ చెవిలో, తెల్లటి పుల్ల ఒకటి కిందికి వేలాడుతూ, మధ్యమధ్య నీలిరంగులో మిణుకుమంటున్నది.

మూతి విడిపోయింది. అది మానవమాత్రులకు ఆపశక్యము కానిది. సున్నా పగిలి, పెదవులు సాగి, పళ్ళు కనబడి, చిట్టి ఫక్కున నవ్వింది. కుడిచేతి గుండె కూడా చెదిరి ఉత్త చెయ్యయింది.

క్లిక్కు.

వీరుడు పరుగున కెమెరా దగ్గరకు వెళ్ళాడు. "మా అమ్మాయి మూతి చూపించు. అక్కడ, పెద్దది చెయ్యి." ఫొటోగ్రాఫరు పెద్దది చేశాడు. తెరంతా చిట్టి నవ్వు. ఏ తరంలో చూసినా ముద్దొచ్చే నవ్వు. మిగతా పటాన్ని ఆయన కన్నెత్తి చూడలేదు. రెండు చేతులూ పైకెత్తి, "చూశారా? గెలిచాను. ఈ ఫొటోలో మా అమ్మాయిని చూసి ఎవరూ నవ్వలేరు. వందేళ్ళయినా నవ్వలేరు," అని గొడుగుదీపాలు ఊగేటట్లు ప్రకటించాడు.

చిట్టికి జాలేసింది. దగ్గరకు వచ్చి, "నాన్నా, ఇంకొక్కటి తీయించుకుందామా?" అన్నది.

"ఎందుకు?"

"ఊరికే."

"మీ తాత మాట నీకు ఊరికేనా? ఒక్క క్లిక్కు. ఎలా పడితే అలా," అన్నాడు విజయగర్వంతో.

కొన్నాళ్ళకు పటము ఇల్లు చేరింది. చివరి మేకుకు తగిలించారు. హాల్లో దీపం వేశారు. కుటుంబమంతా వరుసగా నిలబడి చూసింది. పెద్దావిడ కళ్ళజోడు తుడుచుకొని, పటానికి ముక్కు ఆనించినంత దగ్గరకు వెళ్ళి, చాలాసేపు చూసింది.

"ఏరా, నీ చెవిలో ఆ పుల్లేమిటి?"

వీరుని చేయి తనకు తెలియకుండానే చెవి దగ్గరకు వెళ్ళింది. వెంటనే స్టూడియోకు ఫోను చేసి, "చూస్తే చెప్పకూడదటయ్యా?" అని అడిగాడు. "స్టైలనుకున్నానండి," అన్నాడు అవతలి మనిషి ఎంతో గౌరవంగా. తమ్ముడి పిల్లలు అప్పటికే గోడ పట్టుకొని దొర్లుతున్నారు. ఆ సాయంత్రమే హెల్మెట్ అన్న బిరుదు ఘనంగా పదవీవిరమణ చేసింది. పుల్ల పెదనాన్న అన్న బిరుదు బాధ్యతలు స్వీకరించింది.

"అందుకే నాన్నా, ఇంకొకటి తీయించుకుందామన్నాను," అన్నది చిట్టి మెల్లగా.

ఆయన మూడవ పటము చూశాడు. నాలుగవ పటము చూశాడు. తన చెవి చూశాడు. తర్వాత చాలాసేపు కూతురి ముఖం చూశాడు.

"పోనీలేవే," అన్నాడు. "నవ్వితే నన్ను చూసే నవ్వుతారు. నీదాకా రారు."

కావున రసజ్ఞులారా, జయము, జయము. జగత్తంతా మూతి ముడుచుకొనియున్న కాలమున, ఒకానొక ఇంటి ఒకానొక గోడపై, ఒకానొక తండ్రి తన చెవినే కోటగోడగా నిలిపి, ఒక్క మూతిని ముడవకుండా కాపాడెను. మేకు బరువును సంతోషంగా మోస్తున్నది.