ఇద్దరు చప్పుడు మనుషులు, ఒక ఇల్లు

మనసు విరిగినవాళ్లు నడిస్తే లోపలి ముక్కలు గలగలమంటాయి కాబట్టి, ఆ ఊరి మునిసిపాలిటీలో అందుకోసం ఒక శాఖ ఉంది. దాని పేరు చప్పుళ్ల శాఖ. గోదావరి సముద్రంలో కలిసే చోట, ఒకప్పుడు ఫ్రెంచివాళ్లు ఏలిన చిన్న ఊరది. వాళ్లు పోతూ పోతూ రెండు వీధులకు పేర్లు, ఒక గడియార స్తంభం, ఒక నిబంధనల పుస్తకం వదిలేసి పోయారు. గడియారం ఎప్పుడో ఆగిపోయింది. పుస్తకం మాత్రం ఇంకా నడుస్తోంది.

విరిగిన మనిషి ఆరు నెలలకోసారి వచ్చి ఆఫీసు వరండాలో తొమ్మిది అడుగులు నడవాలి. గుమాస్తా ఆ మనిషి వీపుకి స్టీలు గ్లాసు ఆనించి, గ్లాసుకి చెవి ఆనించి, వెనకే నడుస్తూ వింటాడు. బల్ల మీద పచ్చడి సీసాలో ఏడు గాజుముక్కలుంటాయి. ఆ సీసాని ఒక్కసారి ఆడిస్తే వచ్చే చప్పుడు ఒక గల. మనిషికి నలభై గలల దాకా ఫరవాలేదు. ఇల్లు మొత్తానికి అరవై దాటకూడదు. ఎందుకు దాటకూడదని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అడిగే ఊరైతే ఈ శాఖే ఉండేది కాదు.

ఓలేటి వీరభద్రానివి ముప్పై ఎనిమిది గలలు. అతను ఏటి మీద జనాన్ని దాటించే పంటు నడుపుతాడు. ఆరేళ్ల కిందట అతని భార్య ఇంకొకడితో వెళ్లిపోయింది. వెళ్లింది కూడా మొగుడి పంటు మీదే. పిన్నిగారింటికి వెళ్తోందనుకుని ఆమె పెట్టె ఇతనే మోసి పంటులో పెట్టాడు. “ఇంత బరువేంటే?” అని అడిగాడు కూడా. అవతలి ఒడ్డున పెట్టె దింపి, ఆ ఇంకొకడి చేతికి అందించి వచ్చాడు. తిరుగు ప్రయాణంలో సగం ఏట్లో ఉండగా చప్పుడు మొదలైంది. ఇంజనులో ఏదో ఊడిందనుకుని మూడు రోజులు ఇంజను విప్పి చూసుకున్నాడు.

దేవళ్ల ఫ్లోరమ్మవి ముప్పై తొమ్మిది. ఆమె బట్టలు కుడుతుంది. కాగితాలు పంపిస్తాను, వచ్చెయ్యమని చెప్పి ఫ్రాన్సు వెళ్లిన మనిషి కోసం పదకొండేళ్లు కూచుంది. చివరికి అతను పంపిన కాగితం మీద జాకెట్టు కొలతలున్నాయి. అతని పెళ్లికూతురివి. నీ చేతి కుట్టు ఇక్కడ దొరకదు ఫ్లోరా, అని కింద రాశాడు. మహాతల్లి, కుట్టి పంపింది. చేతులకి అంచు కూడా వేసింది.

ఇద్దరూ కలిసింది చప్పుళ్ల శాఖ వరండాలోనే. కొలతలయ్యేసరికి వాన పట్టుకుంది. గొడుగు ఒకటే ఉంది, అదీ ఆమెది. ఆ గొడుగు కింద బజారు వైపు పది అడుగులు వేశారో లేదో ఫ్లోరమ్మ టక్కున ఆగిపోయింది.

“ఏవండీ, మీ చప్పుడేదండీ?”

భద్రం గుండె మీద చెయ్యి వేసుకుని చూసుకున్నాడు. “ఆయ్, మీదీ లేదండి.”

విడిగా నడిచి చూశారు. గలగల. దగ్గరికొచ్చారు. లేదు. చేపల బజారు దాకా వెళ్లి, వానలోనే వెనక్కి వచ్చి, మళ్లీ వెళ్లారు. బజారులో ఆడవాళ్లు బేరాలాపి మరీ చూశారు. “ఆరేళ్లకి నా చెప్పుల చప్పుడు నాకు వినపడిందండి,” అన్నాడు భద్రం. ఆ మాటకి ఫ్లోరమ్మ, నలభయ్యేళ్లావిడ, వీధిలో నిలబడి ఏడ్చింది. ప్రేమ అంటే అదే. ఊళ్లో ఎవరినడిగినా చెప్తారు, కాకపోతే కొంచెం గొంతు తగ్గించి చెప్తారు.

ఒకే ఇంట్లో ఉండటానికి అనుమతి కావాలని ఇద్దరూ దరఖాస్తు పెట్టుకున్నారు. వాళ్లు కోరింది అదొక్కటే. శాఖ పర్యవేక్షకుడు వేమగిరి కామేశం గారు కాగితం మీద ముప్పై ఎనిమిదీ ముప్పై తొమ్మిదీ కూడారు. డెబ్బై ఏడు వచ్చింది. సరిచూడ్డానికి కింద నుంచి పైకి కూడారు. అలా కూడినా డెబ్బై ఏడే.

“కుదరదయ్యా భద్రం. పదిహేడు ఎక్కువ.”

“మమ్మల్ని విడివిడిగా కొలిచారు కదండీ,” అంది ఫ్లోరమ్మ. “కలిపి నడిపించి చూడండి.”

కామేశం గారు చెడ్డవాడు కాదు. స్వయంగా లేచి, గ్లాసు తుడుచుకుని, ఇద్దరినీ పక్కపక్కన నడిపించి విన్నారు. తాళంచెవితో చెవి గుబిలి తీసుకుని మళ్లీ విన్నారు. “ఏమీ వినపట్టం లేదు,” అన్నారు.

“అదే కదండీ మేం చెప్పేది.”

“నువ్వు చెప్పేది బాగానే ఉందమ్మా. కానీ వినపడనిది రాసుకోడానికి ఫారంలో గడి లేదు. మొదటి వ్యక్తి, రెండో వ్యక్తి, మొత్తం. అంతే. నీ కోసం నేను కూడికలు మార్చనా?”

ఆ నిబంధనేదో చూపించమని ఫ్లోరమ్మ అడిగింది. పుస్తకం ఎర్రగుడ్డలో చుట్టి ఉంది, అట్ట మీద కుంకుమ బొట్టుంది. శాఖలో ఫ్రెంచి ఎవరికీ రాదు కాబట్టి దానికి ఏటా పూజ చేస్తారు. ఫ్లోరమ్మకి వాళ్ల నాన్న ఫ్రెంచి నేర్పాడు. చదివింది. ఇనుప చక్రాల బళ్లు బజారులో రెండేసి పక్కపక్కన పోరాదు, అని ఉంది.

“ఇది ఎడ్లబళ్ల గురించండి!”

“అయితే ఏవిటమ్మా?” అన్నారు కామేశం గారు, చాలా మర్యాదగా. “ఎడ్లు పోయాయి, బళ్లు పోయాయి. పాపం, రూలు మాత్రం ఏం చేస్తుంది? ఎవరో ఒకరి మీద పనిచెయ్యాలి కదా.”

తర్వాత ఆయన దారులు చెప్పారు. ఒకటి, ఇద్దరూ చెరో విరగని మనిషిని చూసుకోవడం. అప్పుడు ఏ ఇల్లూ నలభై దాటదు. “అలాంటోళ్లు ఎవరున్నారండీ?” అని అడిగాడు భద్రం. “ఊరంతా వాళ్లేనయ్యా! నువ్వూ ఈవిడా మరో పాతికమందీ తప్పితే ఎవరైనా చప్పుడు చేస్తున్నారా?” అన్నారాయన. రెండోది, బూరుగు దూది. ఆసుపత్రి వెనక గదిలో పక్కటెముకల కిందుగా దూది కూరతారు. పావుగంట పని. ముక్కలు ఎక్కడివక్కడే ఉంటాయి, ఒకదానికొకటి తగలవు.

“పెట్టించుకుంటే ఏమవుద్దండి?” అంది ఫ్లోరమ్మ.

“ఏమీ కాదు. అదేనమ్మా దాని గొప్పతనం.”

వాళ్లు ఒప్పుకోలేదు. ఇల్లు లేకపోతే పోయింది, సాయంత్రాలు కలిసి నడుద్దామనుకున్నారు. నడిచారు. తొమ్మిదో రోజున నోటీసు వచ్చింది. నమోదైన చప్పుడుని వీధిలో బహిరంగంగా దాచడం నేరమట. మళ్లీ కలిసి కనిపిస్తే భద్రం పంటు దిగాలి, ఫ్లోరమ్మ మిషను ఎత్తెయ్యాలి. ఊళ్లో అందరూ అయ్యో అన్నారు. ఆ అయ్యో అన్నవాళ్లలోనే ఎవరో చెప్పకపోతే శాఖకి ఎలా తెలుస్తుంది?

నోటీసు పట్టుకుని ఫ్లోరమ్మ పంటు ఎక్కింది. పట్టపగలు, జనం మధ్య, ఇంజను పక్కన నిలబడి మాట్లాడుకున్నారు. ఇద్దరూ మూడడుగుల దూరంలో నిలబడ్డారు కాబట్టి పంటు ఊగినప్పుడల్లా చప్పుడు వస్తూనే ఉంది.

“దూది నాకొద్దండి ఫ్లోరమ్మగారూ. నా ముక్కలు నాకు అలవాటైపోయాయండి. మీ పక్కన నిలబడితే అవి ఎవరో చెప్పినట్టు సర్దుకుంటాయి చూడండి, ఆ సుఖం పోద్దండి.”

“పోనీండి,” అంది ఆమె. “ఒక ఇంట్లో ఉంటాం కదండీ. నేను పదకొండేళ్లు కూచున్నాను. ఇంక కూచోలేను.”

భద్రం ఏటి వైపు తిరిగి చుక్కాని పట్టుకున్నాడు. అవతలి ఒడ్డు వచ్చాక సరేనన్నాడు.

ఆసుపత్రి వెనక గదిలో ఆయమ్మ పెద్ద రిజిస్టరు ముందుకి తోసి సంతకం పెట్టమంది. ఫ్లోరమ్మ పేజీలు తిప్పింది. బడి పంతులుగారు ఉన్నారు. చర్చి ఫాదరు ఉన్నాడు. తనకి ఇల్లు అద్దెకివ్వనన్న రత్తాలు ఉంది. బజారులో బేరమాపి చూసిన నూకాలు, ఆమె మొగుడు పక్కపక్క వరసల్లో ఉన్నారు. వేమగిరి కామేశం గారి పేరు రెండుసార్లు ఉంది. రెండోసారి ఎదురుగా, కుదురుకోలేదు, మళ్లీ కూరడమైనది, అని రాసి ఉంది.

“ఇదేంటండి, ఊరంతా ఇక్కడే ఉంది!”

“పెళ్లిళ్ల సీజనులో దూది చాలదమ్మా,” అంది ఆయమ్మ, “ఆ రవికె కొంచెం పైకి అను.”

మూడో రోజున అనుమతి వచ్చింది. గడియార స్తంభం దగ్గర రత్తాలే ఇల్లిచ్చింది. ఇద్దరి కొలతా సున్నా. కలిసి నడిచినా చప్పుడు లేదు, విడిగా నడిచినా లేదు, కాబట్టి కలిసి నడవాల్సిన పని లేకపోయింది. భద్రం ముందు నడుస్తాడు, ఆమె వెనక వస్తుంది. ఏం కూర అని అతను అడుగుతాడు. బీరకాయ అని ఆమె చెప్తుంది. మాట తేడా ఎప్పుడూ రాలేదు. ఆ ఏడు మునిసిపాలిటీ వాళ్లకి ఆదర్శ దంపతుల పత్రమిచ్చింది. వరండాలో వాళ్ల ఫొటో పెట్టారు. ఫొటోలో ఇద్దరూ బావున్నారు.

ఒక మధ్యాహ్నం భద్రం భోంచేస్తుండగా ఫ్లోరమ్మ స్టీలు గ్లాసు తీసి అతని వీపుకి ఆనించి వింది. పంటు ఇంజను ఆపేస్తే కనీసం నీళ్ల చప్పుడైనా ఉంటుంది. ఇక్కడ అదీ లేదు. “ఏంటి?” అన్నాడతను తల తిప్పకుండా. “ఏం లేదండి,” అని గ్లాసులో మంచినీళ్లు పోసి అతని పక్కన పెట్టింది.

ఆరు నెలల తర్వాత పక్కవాటాలోకి సువర్చల అని ఒక టైపు టీచరు దిగింది. ఇరవై ఆరేళ్లుంటాయి. ఆ పిల్ల డాబా మీద బట్టలారేస్తుంటే గలగల, మెట్లు దిగుతుంటే గలగల. ఫ్లోరమ్మకి మధ్యాహ్నం నిద్ర పట్టడం మానేసింది. నాలుగు రోజులు ఓర్చుకుంది. అయిదో రోజు చీర మార్చుకుని చప్పుళ్ల శాఖకి వెళ్లింది.

కామేశం గారు లేచి కుర్చీ వేశారు. “చిన్నపిల్ల, పాపం. దూది సంగతి మీరే చెప్తే వింటుందేమోనమ్మా. అనుభవం ఉన్నవారు.”

“చెప్తానండి. ముందు మీరు కాగితం పంపండి,” అంది ఫ్లోరమ్మ.

ఫిర్యాదు ఫారం నింపింది. చిట్టచివర ఒక గడి ఉంది. ఈ చప్పుడు మీరు గతంలో ఎక్కడైనా విన్నారా? ఫ్లోరమ్మ పెన్ను పట్టుకుని నిజంగానే ఆలోచించింది. వరండాలో ఎవరినో నడిపిస్తున్నారు. బయట వాన మొదలైంది. లేదు, అని రాసి సంతకం పెట్టి, గొడుగు విప్పుకుని ఇంటికి వెళ్లిపోయింది.