మోకాళ్లపై విచారణ

మా విశ్వవిద్యాలయంలో గత ఏడాది సిబ్బంది ఫిర్యాదులు నూటికి నూరు శాతం పరిష్కారమయ్యాయని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. వచ్చింది ఒక్కటే. ఆ విచారణకు మినిట్స్ రాసింది నేనే కాబట్టి ఈ ఘనతలో నాకూ వాటా ఉంది.

ఫిర్యాదు చేసినావిడ మా లైబ్రరీ మూడో అంతస్తులో పాత పత్రికలు చూసుకుంటుంది. అందరం పెద్దక్క అంటాం. ఇరవై ఆరేళ్లు కట్టలు మోసి మోసి మోకాళ్లు అరిగిపోయాయి. రిటైర్మెంటుకు ఇంకా నాలుగేళ్లుంది. అందాకా కింది అంతస్తులో ఏ మూలో ఒక సీటిప్పించమని అరపేజీ అర్జీ రాసి, డాక్టరు కాగితం జతచేసింది.

ఫిర్యాదుల పరిష్కార సంఘం కార్యాలయం పరిపాలనా భవనం అయిదో అంతస్తులో ఉంది. లిఫ్టు లేకపోలేదు. అది ఆగిపోయాక చోటు వృథా కాకూడదని పాత ఫిర్యాదుల బీరువా అందులో పెట్టించారు. అధ్యక్షులవారికి మెట్లు పడవు కనుక కింద తమ గదిలో కూర్చుని వీడియోలో దర్శనమిస్తారు. ఫిర్యాదుదారు మాత్రం స్వయంగా వచ్చి రిజిస్టరులో సంతకం చేయాలి. రిజిస్టరు అయిదో అంతస్తు దాటి రాకూడదు.

మొదటి విచారణలో అధ్యక్షులవారు ఉపన్యసించారు.

"చూడమ్మా, మనమంతా ఒకే కుటుంబం. కుటుంబంలో ఫిర్యాదులేంటి చెప్పు? దీన్ని సూచన అని మార్చి రాసుకురా."

పెద్దక్క దిగి వెళ్లి మార్చి రాసుకొచ్చింది. రెండో విచారణలో, సూచనలు ఈ సంఘం పరిధిలోకి రావని తిప్పి పంపారు. మూడోసారి నిపుణుల అభిప్రాయం తీసుకున్నారు. వ్యాయామ విద్య ఆచార్యులవారు మెట్లెక్కడం గుండెకు మంచిదనీ, గుండె ముందు మోకాలెంతనీ తేల్చారు. నాలుగోసారి వీడియో రాలేదు. అయిదోసారి మనోధైర్య శిక్షణ ఇప్పించారు. కళ్లు మూసుకుని ఊపిరి పీల్చమంటే, ఎక్కొచ్చిన అలసటకు పెద్దక్క కుర్చీలోనే నిద్రపోయింది. శిక్షణ ఫలించినట్టు నమోదు చేశాను.

ఆరోసారి ఆవిడే నోరు తెరిచింది.

"సార్, ఊపిరి బానే ఉంది. కాళ్లే నా మాట వినట్లేదు. కింద పనిచేసేవాళ్లు ఒక్కరు నాతో మారతానంటే చాలు కదా?"

"మనస్ఫూర్తిగా ఎవరైనా ఒప్పుకుంటే మాకేం అభ్యంతరం లేదమ్మా!" అన్నారు అధ్యక్షులవారు. అక్కడికక్కడే ఉత్తర్వు వెళ్లింది. లైబ్రరీ కింది అంతస్తులో పనిచేసే నలుగురూ ప్రగాఢ సానుభూతి తెలుపుతూ లిఖితపూర్వకంగా జవాబిచ్చారు. మారతానని మాత్రం ఎవరూ రాయలేదు.

ఏడోసారి తీర్పు చదివి వినిపించారు. "రిజిస్టరును పరిశీలించగా, ఫిర్యాదుదారు ఏడు పర్యాయములు అయిదో అంతస్తుకు విచ్చేసి సంతకములు చేసినట్లు రుజువైనది. మొత్తం ముప్పయ్యయిదు అంతస్తులు ఎక్కిన మోకాళ్లలో లోపము కలదనుట నమ్మశక్యము కాదు. ఆమె సామర్థ్యమును గుర్తించి, లైబ్రరీ నాలుగో అంతస్తులోని సిద్ధాంత గ్రంథాల విభాగమును కూడా ఆమెకే అప్పగించడమైనది."

సంతృప్తి చెందితిని అన్న గడిలో సంతకం చేయనిదే ఫైలు మూయకూడదు. చేయకపోతే ఎనిమిదో విచారణ ఉంటుందని చెప్పాను. పెద్దక్క వెంటనే చేసేసింది.

దిగేటప్పుడు ఆవిడ సంచీ నేనే పట్టుకున్నాను. అంతస్తుకొకసారి మెట్టు మీద కూర్చుని మోకాళ్లు నిమురుకుంది. నాకు నిజంగానే చాలా జాలేసింది.

"నువ్వొక్కడివే నా బాధ అర్థం చేసుకున్నావు తమ్ముడూ" అంది.

ఆ నలుగురిలో నేనూ ఒకణ్ణి. పుస్తకాలు ఇచ్చే కౌంటరు నాది. నా మోకాళ్లు భేషుగ్గా ఉన్నాయి. కానీ నాది కిటికీ పక్క సీటు, ఫ్యాను కూడా సరిగ్గా నెత్తి మీదే తిరుగుతుంది. నాలుగు సానుభూతి లేఖల్లోనూ నాదే హృదయాన్ని కదిలించిందని అధ్యక్షులవారు మెచ్చుకున్నారు.

ఇదంతా చదివి పెద్దక్క మీద మీకూ జాలి కలిగే ఉంటుంది. చాలా సంతోషం. ఇంతకీ మీ సీటు ఏ అంతస్తులో?