కబడ్డీకి జేబు

"మనిషి గౌరవం మెడ దగ్గర మొదలవుతుంది. కాలర్ లేని ఆటగాడు అసలు ఆటగాడే కాడు!"

కామారెడ్డిలో జిల్లా క్రీడా గౌరవ పరిరక్షణ సమితి సమావేశంలో ప్రేమ్‌కుమార్ ఈ మాట అన్నప్పుడు, కూర్చున్న వాళ్లంతా ఎవరి మెడ వాళ్లు ఒకసారి తడుముకున్నారు. ప్రేమ్‌కుమార్ ఆ సమితి దుస్తుల ఉపసంఘానికి కన్వీనర్. ఉపసంఘంలో సభ్యుడూ అతనొక్కడే. అందుచేత తీర్మానాలన్నీ ఏకగ్రీవంగానే జరుగుతుంటాయి.

ఈసారి తీర్మానం గొప్పది. ఈ ఏడు నుంచి సమితి పోటీల్లో ఏ ఆట ఆడినా ఒకటే దుస్తు! తెల్లటి పొడుగు చేతుల చొక్కా, గట్టి కాలర్, ముందు నాలుగు గుండీలు, ఎడమ వైపు సమితి ముద్రతో జేబు. క్రికెట్ వాళ్లకు ఇందులో బాధేమీ లేదు. పొద్దంతా ఎండలో నిలబడేవాడికి కాలర్ మెడను కాస్తుంది, పొడుగు చేయి మోచేతిని కాస్తుంది, జేబు రుమాలును దాస్తుంది. మరి అదే చొక్కా కబడ్డీలో ఏం చేస్తుందని అడిగింది ఒక్క సుష్మితే. ఎల్లారెడ్డి అమ్మాయిల జట్టుకు ఆట నేర్పేది ఆమె.

"సార్, కబడ్డీల జేబెందుకు?"

"జేబు లేని మనిషిని ఎవరు లెక్కచేస్తరు మేడమ్?"

"పిల్లలు అందులో ఏం పెట్టుకోవాలె సార్?"

"ఆత్మగౌరవం!"

చప్పట్లు మోగాయి. సుష్మిత కూర్చోలేదు. "జేబుల వేలు ఇరుక్కుంటే వేలు విరుగుతది సార్. కాలర్ దొరికితే పిల్ల దొరికినట్టే."

"బట్ట పట్టుకోవడం ఫౌల్ కదమ్మా! నియమం ఉంది."

"ఏడుగురు మీద పడ్డంక ఎవరి వేలు యాడున్నదో రిఫరీకి ఏం కనబడుతది సార్?"

"అది రిఫరీ ఉపసంఘం చూసుకుంటుంది" అన్నాడు ప్రేమ్‌కుమార్. అధ్యక్షుడు లింబాద్రి టీ తెప్పించాడు. తీర్మానం గెలిచింది.

నిజానికి ప్రేమ్‌కుమార్‌కు క్రికెట్ మీద ఏ మమకారమూ లేదు. పదిహేనేళ్లప్పుడు ఎల్లారెడ్డిలో అతను మంచి రైడర్. కూత పెట్టి గీత దాటితే ఇద్దర్ని ముట్టకుండా తిరిగొచ్చేవాడు కాడు. ఒక ఏడు బహుమతులివ్వడానికి వచ్చిన పెద్దమనిషి, చిరిగిన బనీన్లతో దుమ్ముకొట్టుకొని నిలబడ్డ కబడ్డీ జట్టును దాటిపోయి, తెల్లచొక్కాల క్రికెట్ జట్టుకు చేతులు కలిపాడు. గెలిచిన కబడ్డీ వాళ్లకు కప్పును అటెండరు తెచ్చి ఇచ్చాడు. ఆనాటి నుంచి ప్రేమ్‌కుమార్ లోపల ఒక పిల్లవాడు బనీనుతో నిలబడే ఉన్నాడు. వాడికి చొక్కా తొడగడానికే అతను ముప్పై ఏళ్లుగా ఊరందరికీ చొక్కాలు తొడుగుతున్నాడు. ఈ సంగతి అతనికి తెలియదు. తెలియకుండా ఉంచుకోవడానికి చాలా కష్టపడ్డాడు కూడా.

వారం తిరగకుండానే ఆ చొక్కా అతని ఇంటికి వచ్చింది. కూతురు ప్రణీత కామారెడ్డి కబడ్డీ జట్టులో రైడర్. ప్రాక్టీసు నుంచి వచ్చి, హాల్లో నిలబడి, మెడ పక్కకు వంచి చూపించింది. కాలర్ కోసుకున్న చోట ఎర్రటి గీత.

"చూసినవా డాడీ? మూడుసార్లు రైడుకు పోయిన. మూడుసార్లూ కాలరే దొరికింది వాళ్లకు."

"అలవాటైతది బిడ్డా. మొదట్ల అందరికీ..."

"ఫైనల్‌కు రాష్ట్ర సెలెక్టర్లు వస్తున్నరు. నాకు వయసు దాటిపోతది, ఇదే ఆఖరు ఏడు. ఈ అంగితోని ఆడితే నన్ను ఎవరు తీసుకుంటరు?"

ప్రేమ్‌కుమార్ క్రమశిక్షణ గురించి పది నిమిషాలు మాట్లాడాడు. మాట్లాడుతున్నంతసేపూ కళ్లు ఆ ఎర్రగీత మీదే ఉన్నాయి. తీర్మానం మార్చవచ్చు. కానీ మారిస్తే సుష్మిత గెలిచినట్టు. కూతుర్ని ఓడించవచ్చు. కానీ అంత మనసు లేదు. రెండిటి మధ్య అతనికి ఒక సన్నని దారి కనిపించింది. బుద్ధిమంతులకు ఎప్పుడూ అటువంటి దారి ఒకటి కనిపిస్తూనే ఉంటుంది!

మర్నాడు కారు ఇంట్లోనే వదిలి, టోపీ పెట్టుకొని ఎల్లారెడ్డి బస్సెక్కాడు. అక్కడ దర్జీ వజీర్ అతని పాత జట్టువాడే. ఇద్దరూ ఒక్క బనీనును వంతులేసుకొని ఆడినవాళ్లు.

"అరె, ఎన్నేండ్లకు! కూసో సార్" అన్నాడు వజీర్. ఆ 'సార్' ప్రేమ్‌కుమార్‌కు హాయిగానూ ఉంది, గుచ్చుకోనూ గుచ్చుకుంది.

"ఒక చొక్కా కుట్టాలి వజీర్. చూస్తే మా సమితి చొక్కా లాగే ఉండాలి. కాలర్ ఉన్నట్టుండాలి, కానీ చేతికి దొరకొద్దు. జేబు ఉన్నట్టుండాలి, కానీ ఉండొద్దు."

వజీర్ మిషన్ ఆపాడు. "కాలర్‌ను మెడకు అతికించి కుడుతం. గుండీలు పైన ఉంటయి, కింద అంతా మూసేస్తం. జేబు దారంతోని గీత గీస్తం. చేతులు చర్మానికి అంటుకుంటయి. అంటే చూసెటందుకు అంగి, ఆడెటందుకు బనీను."

బనీను అనగానే ప్రేమ్‌కుమార్ ముఖం మాడింది. "ఆ మాట వద్దు. ప్రత్యేక చొక్కా అను."

"ఎవరి పేరు మీద రాయాలె?" వజీర్ ఆర్డరు పుస్తకం తెరిచాడు.

కూతురి పేరు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. "పేరొద్దు. కమిటీ నమూనా అని రాయి."

కొలతలు రాసుకుంటూ వజీర్ తల పైకెత్తాడు. "కమిటీకి నడుము గింత సన్నగున్నదా సార్?"

ప్రేమ్‌కుమార్‌కు బస్సు టైమైంది.

ఫైనల్ కామారెడ్డి మైదానంలో, కామారెడ్డికీ ఎల్లారెడ్డికీ. మొదటి పదిహేను నిమిషాల్లోనే ప్రేమ్‌కుమార్‌కు చెమటలు పట్టాయి. కామారెడ్డి అమ్మాయిల్లో మిగతా ఆరుగురూ జేబులోనో కాలర్‌లోనో దొరికిపోతున్నారు. ప్రణీత ఒక్కతే చేప లాగా జారి వస్తోంది. బాగానే ఉంది. కానీ అవతల ఏడుగురికి ఏడుగురూ చేపలే! అందరికన్నా నున్నగా జారుతున్నది వాళ్ల కెప్టెన్ గుల్నాజ్. వజీర్ కూతురు.

విరామంలో కామారెడ్డి కోచ్ హనుమాండ్లు వేదిక మీదికి ఉరికాడు. "అధ్యక్షా, వాళ్ల జేబులు జేబులు కావు! ఉత్త గీతలు!"

లింబాద్రి స్వయంగా దిగి, తన పెన్ను తీసి గుల్నాజ్ జేబు మీద పెట్టాడు. పెన్ను కింద పడింది. రెండో అమ్మాయి దగ్గరా పడింది. ఏడుసార్లు వంగి ఏడుసార్లు ఏరుకొని, ఆయాసంతో అరిచాడు. "గిట్ల కుట్టుమని ఎవడు చెప్పిండు?"

జనంలోంచి వజీర్ ఆర్డరు పుస్తకం పట్టుకొని లేచాడు. "కమిటీ నమూనా సార్. బుక్కుల రాసున్నది. నమూనా ఉన్నంక అందరికీ అట్లనే కుట్టాలె గద?"

అందరూ కన్వీనర్ వైపు చూశారు. వజీర్ మాత్రం చూడలేదు. అతను నేల చూస్తున్నాడు, పాత జట్టువాడికి ఒక అవకాశం ఇస్తున్నట్టు. ఒక్క క్షణం ప్రేమ్‌కుమార్ లోపల ఏదో కదిలింది. తర్వాత లెక్క వేసుకున్నాడు. ఎల్లారెడ్డి జట్టు పోతే కామారెడ్డి గెలిచినట్టే. ప్రణీత సంగతి ఎవరికీ తెలియదు.

"సమితి అటువంటి నమూనా ఏదీ ఇవ్వలేదు" అన్నాడు గొంతు సవరించుకొని. "నియమం నియమమే. ఎల్లారెడ్డి జట్టు అనర్హం."

గుల్నాజ్ తండ్రి వైపు చూసింది. సుష్మిత పళ్లు కొరికింది. "సార్, వేళ్లు విరగకుండ ఆడుడు గూడ తప్పేనా?"

అప్పుడు ప్రణీత కామారెడ్డి వైపు నుంచి నడిచి వచ్చింది. "అంకుల్, ఆ పెన్ను ఇటియ్యండి." లింబాద్రి చేతిలోంచి తీసుకొని తన జేబు మీద పెట్టి వదిలేసింది. పెన్ను దుమ్ములో పడింది.

"ఇదేంది ప్రేమ్‌కుమార్, నీ బిడ్డది కూడనా?" అన్నాడు లింబాద్రి.

ప్రేమ్‌కుమార్ సరిగ్గా మూడు సెకన్లు తీసుకున్నాడు.

"అధ్యక్షా! ఇది సమితి నమూనానే. రహస్య ప్రయోగం! ఏ ఆటకు ఏ దుస్తు సరిపోతుందో శాస్త్రీయంగా తేల్చాలని నేనే చేయించిన. ప్రయోగం విజయవంతం. ఎల్లారెడ్డి జట్టు అర్హం!"

చప్పట్లు! తనకు ముందే అనుమానం ఉందని లింబాద్రి మైకులో చెప్పాడు. రిఫరీ విజిల్ నోట్లో పెట్టుకోబోతుంటే, కామారెడ్డి జట్టులో చిన్నపిల్ల బాలలక్ష్మి చేయెత్తింది. ఆమె చూపుడు వేలు ఉబ్బి ఉంది.

"సార్, మరి మా ఆరుగురిని దేనికి ప్రయోగం చేసిండ్రు?"

ప్రణీత వంగి బాలలక్ష్మి జేబును పట్టుకొని ఒక్క గుంజు గుంజింది. పర్రుమని ఊడి వచ్చింది. మిగతావాళ్లు ఎవరిది వాళ్లు పీక్కున్నారు. కాలర్లు లోపలికి మడుచుకున్నారు. ఆరు జేబులు, ఆరు ముద్రలు తెచ్చి ప్రణీత తండ్రి చేతిలో పెట్టింది. కింద పారేయడానికి వీల్లేదు, వాటి మీద సమితి ముద్ర ఉంది. పట్టుకొని నిలబడితే చప్పట్లు కొట్టడానికి చేతులు లేవు. అతను వాటిని మడిచి తన జేబులో కుక్కుకున్నాడు.

ఆట హోరాహోరీగా సాగింది. రెండు పాయింట్లతో ఎల్లారెడ్డి గెలిచింది. సెలెక్టరు రెండు పేర్లు చదివాడు. గుల్నాజ్, ప్రణీత.

"కబడ్డీకి జేబు పనికిరాదని నేను మొదటి నుంచీ చెబుతూనే ఉన్నాను" అని ప్రేమ్‌కుమార్ పక్కనున్న విలేకరికి చెబుతుండగా, సెలెక్టరు అంగీకార పత్రం తెచ్చాడు. తండ్రి సంతకం కావాలి. పెన్ను కోసం ప్రేమ్‌కుమార్ జేబులో చేయి పెట్టాడు. పెన్ను అడుగున ఉంది. ఒక జేబు బయటికొచ్చింది. రెండోది వచ్చింది. విలేకరి, సెలెక్టరు, కూతురు చూస్తుండగా ఆరూ ఒకదాని వెంట ఒకటి వచ్చి బల్ల మీద పరుచుకున్నాయి.

"ఇవేంది సార్?" అన్నాడు సెలెక్టరు.

ప్రేమ్‌కుమార్ సంతకం పూర్తి చేశాడు. కింద తేదీ కూడా వేశాడు. ఒక్కో జేబునూ అరచేత్తో చదును చేస్తూ, తల ఎత్తకుండా అన్నాడు.

"వచ్చే ఏడు క్రికెట్టోళ్లకు అవసరం పడతయి."