దేవుడు తాగని గ్లాసుడు నీళ్ళు

పదకొండేళ్ళుగా నన్నొక సందేహం పీడిస్తోంది. రోజూ స్నానం చేసి, దేవుడి ముందు గ్లాసుడు నీళ్ళు పెట్టి దణ్ణం పెట్టుకుంటాను. సాయంత్రం చూస్తే ఒక్క గుక్కా తగ్గదు! ఆయనకు దాహం వెయ్యదా? లేక నా భక్తిలోనే లోపముందా?

ఆ సంగతి అలా ఉంచి, ముందు మా ఊరి అదృష్టం చెప్పాలి. మాకు ఎగువన గని ఉంది. గనిలోంచి తోడిపోసే నీళ్ళు కాలవలో కలుస్తాయి. కాలవ నీళ్ళు ట్యాంకులోకి ఎక్కుతాయి. ట్యాంకు నీళ్ళు మా కుళాయిల్లోకి దిగుతాయి. ఇంత వరం ఎంతమందికి దక్కుతుంది చెప్పండి?

దోమల మందు కొని ఎన్నేళ్ళయిందో! మా కాలవలో దోమ గుడ్డు పెట్టదు, పెట్టినా పిల్ల కాదు. వానాకాలంలో కప్పల గోల లేదు. పిల్లలు ఈతకు పోతారన్న బెంగ లేదు. ఒక్కడు దిగి, ఒళ్ళంతా గోక్కుంటూ ఇంటికొస్తే చాలు, వీధి వీధంతా బుద్ధి తెచ్చుకుంటుంది. టీ పొడి వెయ్యకముందే గిన్నెలో టీ రంగు సిద్ధం. తెల్ల చొక్కాలకు అద్దకం ఉచితం!

అయినా కొందరికి తృప్తి ఉండదు. "ఆ నీళ్ళు మంచివేనా?" అంటారు. వాళ్ళ నోళ్ళు మూయించడానికే గనివారు ల్యాబ్ పెట్టారు. అందులో పరీక్షలు చేసేది మా ఆవిడ తమ్ముడే.

ఆ పరీక్ష ఎంత న్యాయమైనదంటారు! రెండు గాజు తొట్లు. ఒకదాంట్లో గని నీళ్ళు, రెండోదాంట్లో కొండ ఊట నుంచి తెప్పించిన మంచినీళ్ళు. పదేసి చేపపిల్లల్ని వదిలి నాలుగు రోజులు చూస్తారు. గని నీళ్ళలో సగం బతికితే పాస్. మంచినీళ్ళలోనే చస్తే పరీక్ష చెల్లదు. పరీక్ష ఎప్పుడో గనివారికి వారం ముందే తెలుస్తుంది. ఆ వారం అక్కడి నీళ్ళు అద్దంలా ఉంటాయి! చుట్టాలొస్తున్నారంటే మనం మాత్రం ఇల్లు ఊడవమా? మిగతా వారాల నీళ్ళంటారా, అవి మా ట్యాంకులో భద్రంగా ఉంటాయి.

పదకొండేళ్ళ కిందట మేం ఈ ఇంట్లో దిగిన రోజు కుళాయి రాలేదు. బావమరిది ల్యాబులోంచి ఒక క్యాను ఊట నీళ్ళు తెచ్చిచ్చాడు. అప్పట్నుంచీ గుమ్మం ఎక్కగానే ఒకటే మాట: "బావా, నా క్యాను నీళ్ళెప్పుడిస్తావ్?"

పోయిన నెల సరిగ్గా పరీక్ష రోజునే ఊట నీళ్ళ బండి రాలేదు. బావమరిది రొప్పుతూ వచ్చాడు.

"బావా, ఇవాళైనా అప్పు తీర్చు! తొట్టి ఖాళీగా ఉంది. గని మేనేజరు నా నెత్తిన కూర్చున్నాడు."

"దానికేం భాగ్యం! మేం రోజూ తాగేవేరా," అని కుళాయి కింద క్యాను నింపిచ్చాను. పదకొండేళ్ళ బరువు దిగిపోయిందనుకున్నాను.

మర్నాటికి మా నీళ్ళలో పదికి పదీ వెల్లకిలా తేలాయి. గని నీళ్ళలో తొమ్మిది హాయిగా తిరుగుతున్నాయి.

మేనేజరు పొంగిపోయాడు. "చూశావా, ఊరి నీళ్ళకంటే మన నీళ్ళే నయం! పాస్ రాసెయ్!"

"చెల్లదు సార్," అన్నాడట మావాడు.

"నీ ఉద్యోగం చెల్లుతుందా మరి?"

సాయంత్రం మావాడు మా ఇంటికొచ్చి కూలబడ్డాడు. మా ఆవిడ అలవాటుగా మంచినీళ్ళ గ్లాసుతో వచ్చింది. "ఏం రాశావురా?"

"ఉన్నదే రాశానక్కా. ఊరి కుళాయి నీళ్ళలో పదికి పదీ చచ్చాయి, పరీక్ష చెల్లదు అని. మునిసిపాలిటీకి కూడా ఒక కాపీ పంపాను."

ఆవిడ చేతిలో గ్లాసు వంక చూసింది. ఇవ్వకుండా వెనక్కి తీసుకుపోయింది.

వాణ్ణి ఇప్పుడు ఇంటి దగ్గరే ఉండమన్నారు. నాలుగు రోజులు చూసి చెబుతారట!

పది చేపల్ని చంపిన నీళ్ళతో తీర్చింది అప్పు తీర్చినట్టేనా? ఆదివారం కొండెక్కాను. క్యాను నిండా ఊట నీళ్ళు భుజాన మోసుకొచ్చి, ముందు దేవుడి గ్లాసు నింపి, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకున్నాను.

కళ్ళు తెరిచేసరికి గ్లాసు ఖాళీ!

"ఒరేయ్, అది దేవుడిదిరా!" అని మా ఆవిడ కేక.

ఎండన పడి వచ్చిన బావమరిది మూతి తుడుచుకుంటూ గ్లాసు కింద పెట్టాడు. మూల ఉన్న క్యాను చూశాడు.

"ఊట నీళ్ళేనా బావా?"

"ఊటవే."

"అయితే తీరిపోయింది," అన్నాడు.