మూడేళ్ళుగా ఎరుగుదును

మనిషి మంచివాడో కాదో చెప్పవలసింది అతని మొహం ఎన్నడూ చూడనివాడే అని నేను బల్లగుద్ది చెబుతున్నాను!

నవ్వకండి. గవర్నమెంటువారు ఎంతో ఆలోచించి పెట్టిన పద్ధతి ఇది. దీని పేరు కాండక్టు సర్టిఫికెట్టు. ఉద్యోగానికి అప్లికేషను పెట్టే ప్రతి కుర్రవాడూ 'ఇతన్ని నేను మూడేళ్ళుగా ఎరుగుదును, ఇతని నడవడి మంచిది' అని ఒక గెజిటెడ్ ఆఫీసరు చేత ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టించుకు రావాలి. మన ఊళ్ళలో గెజిటెడ్ ఆఫీసర్లు ఎందరున్నారు, వాళ్ళు మనల్ని మూడేళ్ళుగా ఎలా ఎరుగుదురు అని అడగకండి. అవి పసిపిల్లల ప్రశ్నలు.

కుర్రకారు దీన్ని పీడ అంటున్నారు. కృతఘ్నులు! రెండేళ్ళ కిందట బి.ఏ. పాసై విజయనగరం నుంచి కోటబొమ్మాళి తిరిగొచ్చేనాటికి, ఇరవై రెండేళ్ళు నిండినా నేను పసివాణ్ణే. ఏదడిగినా ఉన్నదున్నట్టు చెప్పేసేవాణ్ణి. అలాంటివాడు ఏ ఆఫీసుకు పనికొస్తాడు చెప్పండి? నన్ను మనిషిని చేసింది ఆ కాగితమే.

ఆ ఏడు జిల్లాలో ఒక ఆఫీసులో గుమాస్తా పోస్టులు పడ్డాయి. ఆఖరి తేదీకి పదకొండు రోజులుంది. ఆ ఉద్యోగం తప్పిందంటే నేను సాలూరు వెళ్ళి మా మావ లారీకి క్లీనరుగా చేరాలి. మావ అప్పటికే నా కొలతలకు ఖాకీ నిక్కరు కుట్టించి సిద్ధంగా ఉంచాడు.

కాగితం సంగతి విని మా అమ్మ అసిరమ్మ తెల్లబోయింది.

"నిన్ను కన్నదాన్ని నానున్నాను. పుట్టిన కాడినుంచి సూస్తన్నాను. నీ గునం ఆ బాబుకేటి తెలుస్తాది? నాను సెప్తాను, రాసుకోమను" అంది.

వెర్రి తల్లి! కన్నతల్లుల మాట చెల్లితే ఈ దేశంలో ఒక్క చెడ్డ కొడుకైనా మిగులుతాడా? అదీగాక, బెల్లం కుండ ఖాళీ చేసింది ఎవరో కూడా ఆవిడకు తెలుసు. బాగా ఎరిగినవాళ్ళతో వచ్చే చిక్కే అది. వాళ్ళకి అన్నీ తెలుస్తాయి.

కనుక పాసింజరెక్కి ఆముదాలవలసలో దిగి, శ్రీకాకుళంలో ఒక ఇంజనీరుగారి బంగళాకి వెళ్ళాను. వారి పేరెందుకు లెండి. వరండాలో బంట్రోతు గంగులు ఉన్నాడు. పక్కన బల్ల ఖాళీగా ఉంది కదా అని కూర్చోబోయాను.

"బాబూ, అది కూకోడానికి కాదు" అన్నాడు గంగులు.

"మరి దేనికి?"

"కాలీగా ఉండడానికి."

చూశారా! ప్రభుత్వ యంత్రాంగం మొత్తం నాకు మొదటి గంటలోనే అర్థమైపోయింది. మూడేళ్ళు పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ చదివినా ఇది ఎవరైనా చెప్పారా?

మూడు రోజులు నిలబడ్డాను. నిలబడడంలో ఎన్ని రకాలున్నాయో అప్పుడే తెలిసింది. కారు వస్తున్నప్పుడు ఒకలా, వెళ్తున్నప్పుడు ఒకలా, అమ్మగారు కిటికీలోంచి చూస్తున్నప్పుడు ఇంకోలా! నాలుగో రోజు గంగులు ఒక గేదెను తెచ్చి పలుపు నా చేతికిచ్చాడు.

"అయ్యగోరి గేది. కుడితి ముట్టడం మానీసినాది. ఆస్పటల్‌కి తోలుకెల్లు. దీనికి నయమైతే నీ గునం అయ్యగోరికి తెలుస్తాది."

ఆరు రోజులు ఆ గేదె, నేను, శ్రీకాకుళం వీధులు. దాని వెనక నడుస్తూ దాని నడవడి గురించి నేను చాలా తెలుసుకున్నాను. నా నడవడి గురించి అదేమనుకుందో తెలియదు. ఒకనాడు పశువుల డాక్టరు విసుక్కుంటూ, "ఈ గేదె సంగతి నీకసలు తెలుసా?" అన్నాడు.

"మూడేళ్ళుగా ఎరుగుదునండి!" అన్నాను, రెప్పవేయకుండా.

పాఠక మహాశయులారా, నేను పెద్దవాణ్ణయిన క్షణం అదే! మీసం వచ్చినప్పుడు కాదు, ఓటు వచ్చినప్పుడు కాదు.

పదో రోజున గేదె కుడితి తాగింది. అయ్యగారు నన్ను లోపలికి పిలిచి, "నీ పేరేమిటోయ్?" అన్నారు. జగన్నాధం అన్నాను. ఆ పేరే కాగితం మీద రాసి, కింద ఆకుపచ్చ సంతకం చేశారు. 'శ్రీ జగన్నాధాన్ని నేను మూడేళ్ళుగా బాగా ఎరుగుదును. ఇతడు సత్యసంధుడు.' నేను సత్యసంధుణ్ణని చాటే కాగితం అబద్ధంతో మొదలైంది! కళ్ళకద్దుకున్నాను.

నా వెనకే లోపలికి వెళ్ళినవాడు కృపానిధి. కాలేజీలో మూడేళ్ళూ నా గదిలో ఉన్నవాడు, బాప్టిస్టు చర్చివాళ్ళ అబ్బాయి. టెస్టు పేపరులో ఎనిమిది మార్కులు ఎక్కువ పడ్డాయని లెక్చరరు ఇంటికి వెళ్ళి తగ్గించుకొచ్చిన మనిషి. వాళ్ళ పాస్టరుగారు ఇతన్ని పుట్టినప్పటినుంచీ ఎరుగుదురు. కానీ ఏం లాభం, పాస్టరుగారు గెజిటెడ్ కాదు!

గేదె కోలుకుందన్న హుషారులో ఇంజనీరుగారు అప్పటికే కలం తెరిచి ఉంచారు. రాయబోతూ వేళాకోళానికి, "మూడేళ్ళుగా ఎరుగుదునని రాయమంటావు సరే, నిన్ను నేనెప్పుడు చూశానోయ్?" అన్నారు. దీనికి ఎవడైనా ఏమనాలి? ఎక్కడో చూసే ఉంటారండి అని నవ్వేయాలి. అంతే కదా?

"ఇప్పుడేనండి. ఈ గుమ్మంలోనే" అన్నాడు కృపానిధి.

అయ్యగారు కలం మూసేశారు. వరండాలో గంగులు కూడా జాలిపడ్డాడు. "ఏటి బాబూ, అంత సదువుకున్నావు, ఇంత సిన్న అబద్దం రాదేటి నీకు?"

నాకు ఉద్యోగం వచ్చింది. అతను కొత్తవలసలో ఒక కలప డిపోలో చీటీలు రాస్తున్నాడు.

నా పని ఏమిటంటే, వచ్చిన అప్లికేషన్లు విప్పి, సర్టిఫికెట్టు లేనివి పక్కన పడేయడం. పోయిన వారం కృపానిధి అప్లికేషను వచ్చింది. సర్టిఫికెట్టు ఉండవలసిన చోట ఒక తెల్లకాగితం. 'నన్ను మూడేళ్ళుగా ఎరిగిన గెజిటెడ్ ఆఫీసరు ఎవరూ లేరు. ఎరిగినవారి పేర్లు కింద రాస్తున్నాను, దయచేసి విచారించగలరు.' పదకొండు పేర్లున్నాయి. మొదటి పేరు నాది.

హెడ్డుగుమాస్తాగారు నా భుజం మీంచి చూశారు. "ఈ జగన్నాధం నువ్వు కాదు కదా? కుర్రాడు నీకు తెలిసినవాడా?"

అయిదేళ్ళ స్నేహం. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు పరీక్ష చదువు మానేసి నా పక్కన కూర్చున్నవాడు. అవునంటే ఏమవుతుంది? సిఫార్సు చేస్తున్నాడనుకుంటారు. నా ప్రొబేషను ఇంకా పూర్తి కాలేదు.

"జగన్నాధాలకేం కొదవండీ మన జిల్లాలో! ఇతనెవరో నేనెరగను" అన్నాను.

"అయితే రిజెక్టెడ్ అని నువ్వే రాసెయ్" అన్నారు. రాశాను. రెండేళ్ళ నుంచి గొప్పగా చెప్పుకుంటున్న నా చదువంతా ఆ ఒక్క మాటలో తేలిపోయింది.

నెలాఖరుకు నా ప్రొబేషను పూర్తవుతుంది. నా నడవడి సంతృప్తికరంగా ఉందని హెడ్డుగుమాస్తాగారు ఆ సాయంత్రమే ఫైల్లో రాశారు.